బస్సులో నిద్రపోయిన క్యాషియర్

ప్రశ్న: నమస్కారం మేడమ్. నా వయసు 38. గోదావరి జిల్లాల్లో ఒక బ్యాంకు శాఖలో క్యాషియర్‌ని. నాలుగేళ్లుగా హాస్య కథలు రాస్తున్నాను, ఆరు అచ్చయ్యాయి. అన్నిటిలోనూ నాయిక నాలాంటి ఉద్యోగస్తురాలే. ఉప్మా మాడబెడుతుంది, పిల్లవాడి టిఫిన్ డబ్బా తన బ్యాగులో పెట్టుకుని తన డబ్బా వాడికి పంపిస్తుంది, సాయంత్రం బస్సులో నిద్రపోయి స్టాపు దాటిపోతుంది. పాఠకులకు నచ్చాయి. ఎడిటర్ గారు ఇంకా ఇలాంటివే పంపమంటున్నారు. అయితే మా బ్రాంచికి కొత్తగా వచ్చిన అమ్మాయి చదివి, "అక్కా, కౌంటర్లో ఒక్క రూపాయి తేడా రానివ్వవు. కథలో మాత్రం నిన్ను నువ్వే అంత తెలివితక్కువదానిలా ఎందుకు చూపించుకుంటావు?" అంది. అప్పటినుంచి రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇంకో టెన్షన్ కూడా ఉంది. చివరి కథలో మా అత్తగారు అన్న మాట ఒకటి పెట్టాను. "ఉద్యోగం చేసే కోడలంటే జీతం తెచ్చే చుట్టం." మా వీధిలో అందరూ పోల్చుకున్నారు. మావారు వారం నుంచి ముభావంగా ఉన్నారు. హాస్యం మానేసి సీరియస్ కథలు రాయమంటారా? నా పేరు, ఊరు వేయకండి.

జవాబు: మానేయకండమ్మా. ముందు ఆ మాట చెప్పేసి మిగతావి మాట్లాడతాను. మీరు ఉత్తరంతో పాటు పంపిన మూడు కథలూ చదివాను. బస్సు కథ రెండుసార్లు చదివాను. వాక్యం ఎక్కడ ఆపితే నవ్వొస్తుందో మీకు తెలుసు. ఎన్నేళ్లు రాసినా అది పట్టుబడని వాళ్లు చాలామంది ఉన్నారు. అయితే మీ బ్రాంచి అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న. తను మీ కథను తీసిపారేయలేదు. పక్క కౌంటర్లో రోజూ చూస్తున్న మనిషి కథలో కనబడలేదని బాధపడింది.

బస్సు కథనే తీసుకుందాం. మీ నాయిక సాయంత్రం బస్సెక్కుతుంది. కిటికీ పక్క సీటు దొరుకుతుంది. నిద్రలోకి జారి పక్కావిడ భుజం మీద తల వాలుస్తుంది. స్టాపు దాటిపోతుంది. ఆర్టీసీ బస్టాండు కాంప్లెక్స్‌లో కండక్టరు కేకలేసి లేపుతాడు, దిగేవాళ్లు నవ్వుతారు, భర్త బండి మీద వచ్చి నాలుగు చురకలు వేసి ఇంటికి తీసుకెళ్తాడు. నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే ఒకటి తట్టింది. కథ మొత్తంలో ఆమె కళ్లు మూసుకునే ఉంది. చూస్తున్నవాళ్లు పక్కావిడ, కండక్టరు, భర్త. నేనూ వాళ్ల పక్కన నిలబడి ఆమెను చూసి నవ్వాను. నిద్రలేచాక ఆమె ఏం చూసిందో, ఏమనుకుందో ఒక్క వాక్యం లేదు.

అదే సంఘటన ఆమె కళ్లతో రాసి చూడండి. పొద్దున నాలుగున్నరకు లేచిన మనిషి. కాంప్లెక్స్‌లో కళ్లు తెరిచేసరికి సిగ్గు కన్నా ముందు ఒళ్లు తేలికపడిందని తెలుస్తుంది. నలభై నిమిషాల పాటు ఎవరూ "అమ్మా" అనలేదు, "మేడమ్, నాది ఎంతసేపటికి అవుతుంది?" అనలేదు, "ఏమోయ్, నా తువ్వాలేదీ?" అనలేదు. పెళ్లయ్యాక ఇంత మంచి నిద్ర పోవడం ఇదే. మర్నాడు సాయంత్రం కండక్టరు "ఎక్కడికమ్మా?" అంటే తన స్టాపు పేరు నోటిదాకా వస్తుంది, కానీ "కాంప్లెక్స్" అంటుంది. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన స్త్రీశక్తి పథకం వచ్చాక జీరో టికెట్టే కదా, నిద్రకు ఖర్చు కూడా లేదు. వారం తిరిగేసరికి అదే బస్సులో కావాలని స్టాపు దాటిపోయే టీచరు ఒకావిడ, నర్సు ఒకావిడ కనబడతారు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఏమీ ఎరగనట్టు మళ్లీ కళ్లు మూసుకుంటారు. ఇక్కడా జనం నవ్వుతారు. అయితే ఆమె పక్క సీట్లో కూర్చుని నవ్వుతారు.

లెక్కల మనిషి కాబట్టి మీకు ఒక లెక్క చెబుతాను. దేశంలో జనం రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ 2019లో సర్వే చేసింది. ఇంటి పనుల్లో పాలుపంచుకునేవాళ్లలో ఆడవాళ్లు ఆ పనులకు రోజుకు సగటున 299 నిమిషాలు పెడితే, మగవాళ్లు 97 నిమిషాలు పెట్టారని అప్పుడు తేలింది. తేడా 202 నిమిషాలు. ఉప్మా మాడటం, డబ్బాలు మారిపోవడం, బస్సులో నిద్ర, మీ కథలన్నీ ఆ 202 నిమిషాల్లోంచి పుట్టినవే. వాటిని దాచిపెట్టి మాడిన మూకుడు ఒక్కటే చూపిస్తే ఆమె చేతకాని మనిషిలా కనబడుతుంది. హాల్లో కూర్చున్నాయనకు కూడా మాడు వాసన తగిలిందని, ఆయన "ఏదో మాడుతున్నట్టుంది చూడు" అని పేపర్లో ఇంకో పేజీ తిప్పాడని ఒక్క వాక్యం చేర్చండి. ఉప్మా అలాగే మాడుతుంది, నవ్వు మాత్రం హాల్లోకి వెళ్తుంది.

ఈ చిక్కు మీ ఒక్కరికే వచ్చింది కాదు. మన ఆడవాళ్ల పాపులర్ సాహిత్యంలో ఉద్యోగం ఒక గదిలో, హాస్యం ఇంకో గదిలో పెరిగాయని నాకు అనిపిస్తుంది. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' మా తరం అమ్మాయిలు చేతులు మార్చుకుని చదివారు. 1976లో సినిమాగా కూడా వచ్చింది. అందులో నాయిక జయంతి ఉద్యోగం చేసుకుంటూ ఆత్మాభిమానంతో నిలబడిన అమ్మాయి. ఆమెను చూసి మనమూ సొంత సంపాదనతో బతకాలని అనుకున్నవాళ్లు నాకు తెలిసే ఎంతోమంది ఉన్నారు. కానీ ఆ తరహా నవలల్లో ఆఫీసంటే ముఖ్యంగా నాయకుడు ఎదురుపడే చోటు. నాయిక రోజంతా ఏ కాగితాలు చూసింది, ఏ తప్పుకు ఎవరి చేత చీవాట్లు తింది, మధ్యాహ్నం డబ్బా ఎవరితో పంచుకుంది, ఇవేవీ చదివాక మనసులో మిగలవు. మిగిలేది నాయకుడు రాజశేఖరం.

నవ్వేమో ఇంట్లో ఉండిపోయింది. భానుమతి గారి సంగతి చూడండి. 1953లోనే 'చండీరాణి' సినిమాను తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో తీసి, తానే నటించి, తానే దర్శకత్వం వహించిన మనిషి. స్టూడియో నడిపిన మనిషి. ఆవిడ హాస్యం రాయడానికి కూర్చుంటే 'అత్తగారి కథలు' వచ్చాయి. అవి నాకు ప్రాణం. ఆ అత్తగారిలాంటి పాత్ర మళ్లీ రాలేదు. అయినా ఎప్పుడూ ఒక కోరిక మిగిలిపోయేది: లైట్లు, మేకప్పు, అప్పులవాళ్లు, అలిగే నటులు, ఇంతమంది మధ్య ఒక ఆడమనిషి డైరెక్టర్ కుర్చీలో కూర్చుంటే రోజుకెన్ని తమాషాలు చూసి ఉంటుంది! అవన్నీ కూడా అదే చేత్తో, అంత ధారాళంగా కథల సంపుటిగా రాసి ఉంటే ఎంత బాగుండేదో.

మీ బ్యాంకుల సంగతీ అంతే. 1969లో 14 బ్యాంకులు జాతీయమై ఊరూరా శాఖలు తెరిచాక, పరీక్షలు రాసి కౌంటర్ల వెనక కూర్చున్న ఆడపిల్లలు తక్కువమందా? వాళ్ల పనిలోని నవ్వు వాళ్లే రాసిన కథలు నాకు చాలా తక్కువగా తగిలాయి. ఉద్యోగం చేసే భార్య మీద జోకులు, కార్టూన్లు మాత్రం పత్రికల నిండా ఉండేవి. ఆవిడ చేతిలో హ్యాండ్‌బ్యాగు, ఆయన చేతిలో గరిటె. అవి గీసినవాళ్లు గుమ్మం బయట నిలబడి చూసి గీశారు. మీరు గుమ్మం లోపల ఉన్నారు. ఆ జోకునే మీరూ రాస్తే ఏం లాభం చెప్పండి?

ఇంగ్లీషులోనూ ఈ వాదన జరిగింది. హెలెన్ ఫీల్డింగ్ 1995లో లండన్ పత్రికలో కాలమ్‌గా మొదలుపెట్టి 1996లో నవలగా తెచ్చిన 'బ్రిడ్జెట్ జోన్స్ డైరీ'లో నాయిక ఆఫీసులో తడబడుతుంది, బరువు గురించి, సిగరెట్ల గురించి రోజూ లెక్కలు రాసుకుని బెంగపడుతుంది. ఉద్యోగం చేసుకునే ఆడదాన్ని ఇంత వెర్రిదానిలా చూపిస్తారా అని తప్పుపట్టినవాళ్లు ఉన్నారు. కొన్ని పేజీల్లో నాకూ అలాగే అనిపించింది. అయితే డైరీ రాస్తున్నది ఆమే. తన తడబాటునూ, తనకు సలహాలు చెప్పే పెళ్లయిన స్నేహితులనూ ఒకే చూపుతో చూస్తుంది. అందుకే ఆమె మనకు చులకన అవ్వదు.

మీకు ఇంకా దగ్గరగా ఉండేది సోఫీ కిన్‌సెల్లా రాసిన నవల. 2000లో వచ్చింది. షాపింగ్ పిచ్చి ఉన్న బెకీ అందులో నాయిక. డబ్బు ఎలా దాచుకోవాలో పత్రికలో రాయడం ఆమె ఉద్యోగం, ఆమె ఖాతా మాత్రం ఎప్పుడూ ఓవర్‌డ్రాఫ్ట్‌లోనే. బ్యాంకు నుంచి ఆమెకు వచ్చే ఉత్తరాలు నవలలో ఉత్తరాలుగానే ఉంటాయి. రచయిత్రి ఆర్థిక విషయాలు రాసే విలేకరిగా పనిచేసింది కాబట్టి ఆ భాష ఆమెకు తెలుసు. బెకీ అమాయకత్వం మీకు అక్కర్లేదు. ఆ ఉత్తరాలు రాసిన పద్ధతి చూడండి. మన దేశంలో అనూజా చౌహాన్ 'జోయా ఫ్యాక్టర్' 2008లో రాశారు. నాయిక ప్రకటనల కంపెనీలో ఉద్యోగి, రచయిత్రి కూడా ఏళ్ల తరబడి ఆ రంగంలో పనిచేసిన మనిషే. షూటింగులు, క్లయింట్లు, చివరి నిమిషంలో మారిపోయే స్క్రిప్టులు, అందులో నవ్వు చాలావరకు పని తెలియడంలోంచే వచ్చింది.

మీరు మీ పనిని కథల్లోకి రానివ్వడం లేదు. నా అసలు ఫిర్యాదు ఇదే. క్యాషియర్ అని మొదటి పేరాలో ఒక్కసారి అంటారు. ఆ తర్వాత కథంతా వంటింట్లో, బస్సులో నడుస్తుంది. డబ్బు భద్రపరిచే స్ట్రాంగ్ రూమ్ తాళాలు ఇద్దరి దగ్గర ఉంటాయనీ, ఇద్దరూ కలిసి వస్తేనే అది తెరుచుకుంటుందనీ మీకు రోజూ ఉండే మాట. బయటివాళ్లలో చాలామందికి తెలియదు. ఆ రెండో తాళం ఉన్న ఆఫీసరమ్మతో మీ నాయికకు నెల రోజులుగా మాటలు లేవనుకోండి. పొద్దునా సాయంత్రం ఇద్దరూ ఒకే తలుపు ముందు నిలబడక తప్పదు. ఒకావిడ సెలవు పెట్టాలంటే రెండో ఆవిడకు ముందే తెలియాలి, కానీ చెప్పేదెవరు? అటెండర్ చేతికి చీటీలు ఇచ్చి పంపుతారా? ఇద్దరూ తమ పనిలో ఒక్క తప్పు చేయరు. ఒక్క తప్పు లేకుండానే కథంతా నవ్వొస్తుంది.

మీ మూడో కథలో ఒక వాక్యం రాసి వదిలేశారు. ఎవరింట్లో పెళ్లయినా చదివింపులు రాయడానికి బంధువులంతా ఆమెనే కూర్చోబెడతారని. నాకు అక్కడ ఇంకో కథ మొత్తం కనబడింది. అందరూ పట్టుచీరలతో భోజనాలకు లేస్తుంటే ఈమె కవర్లు విప్పుతూ పద్దు రాస్తూ ఉంటుంది. గొప్పలు చెప్పుకునే పెదనాన్న గారి కవర్లో 1,116 రూపాయలు. రెండో ఐదు వందల నోటు వేలికి తగలగానే తేడా తెలిసిపోతుంది. కౌంటర్లో అయితే ఏం చేయాలో ఆమెకు నిద్రలో అడిగినా చెబుతుంది: నోటు తిరిగి ఇవ్వకూడదు, నకిలీ అని ముద్ర వేయాలి, రిజిస్టర్లో ఎక్కించాలి, రసీదు ఇవ్వాలి. పెళ్లి పందిట్లో ముద్ర లేదు, రిజిస్టరు లేదు, ఎదురుగా పెదనాన్న గారు పెళ్లికొడుకు తండ్రికి తన పొలాల గురించి చెబుతున్నారు. పుస్తకంలో 1,116 అని రాస్తుందా, 616 అని రాస్తుందా? ఇది మీరు మాత్రమే రాయగల కథ. వేలికి నోటు తగిలినప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలియదు, మీకు తెలుసు.

ఒక మాట దాచకుండా చెప్పాలి, మీ కథల్లో నాకు నచ్చనిది. పనిమనిషి. మూడు కథల్లోనూ ఆమె రాదు, రాకపోవడానికి ఒక సాకు చెబుతుంది, ఆ సాకు మీద మనం నవ్వాలి. నేనూ ఇలాంటి కథ రాశాను, ముప్పై ఏళ్ల కిందట. ఒక వారం కడుపునొప్పి, ఒక వారం ఊళ్లో జాతర, ఒక వారం మేనమామకు సీరియస్ అని వరసగా పేర్చాను. చదివినవాళ్లంతా మా ఇంట్లోనూ ఇంతేనండీ అన్నారు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు అప్పుడు తొమ్మిదో తరగతి. ఆ పత్రిక మా ఇంట్లోంచే తీసుకెళ్లి తల్లికి చదివి వినిపించింది. రెండు రోజుల తర్వాత ఆవిడ గిన్నెలు తోముతూ, తల ఎత్తకుండా, "అమ్మగారూ, మీకు ఆఫీసులో సెలవు కావాలంటే ఏమని రాస్తారండీ?" అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఒంట్లో బాగాలేదని రాసేదాన్ని. పిల్లల పరీక్షలకు, ఆడపడుచు వస్తే, ఒక్కోసారి ఊరికే అలసిపోయినా అదే రాసేదాన్ని. నాకు ఏడాదికి ఇన్ని సీఎల్స్, అంటే క్యాజువల్ లీవులు, అని ఉండేవి. ఆవిడకు లేవు కాబట్టి ప్రతిసారీ ఏదో ఒకటి పుట్టించుకోవాల్సి వచ్చేది. ఆవిడ అడిగిన ఆ ఒక్క ప్రశ్నలో ఉన్న హాస్యం నా కథ మొత్తంలో లేదు. ఆవిడా ఉద్యోగం చేసే ఆడమనిషే అన్న సంగతి, ఉద్యోగం చేసే ఆడవాళ్ల కథలు రాస్తున్న నాకు తట్టలేదు. ఇప్పటికీ ఆ వంగిన తల గుర్తొస్తే మనసు బాగుండదు. మీ కథల్లో ఆ సాకులు తీసేయండి. ఆమెను ఉంచండి, మాట్లాడనివ్వండి. బ్యాంకు గురించి ఆమెకు మీకన్నా మంచి ప్రశ్నలు ఉండి ఉంటాయి.

ఇక అత్తగారి మాట. నిజం చెప్పాలంటే ఆ కథలో అన్నిటికన్నా గొప్ప వాక్యం అదే, అది ఆవిడది. పిల్లవాడు స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండి అన్నం పెట్టేది ఆవిడేనని మీ కథలోనే ఉంది. ఇంటికి చుట్టం వచ్చి పోతుంటే ఎవరో ఒకరు తలుపు కాచుకుని కూర్చోవాలి కదా. ఆ మాటలో మీ మీద విసురు ఉంది, ఆవిడ అలుపు కూడా ఉంది. మీరు విసురు వరకే కథలోకి తెచ్చారు, అందుకే వీధిలోవాళ్లకు అది గయ్యాళి మాటలా వినబడింది. మీవారికి నొప్పి తగిలింది అక్కడే అయ్యుండాలి.

ముందు ఆవిడ దగ్గరకే వెళ్లండి, మీవారి దగ్గరకు కాదు. "అత్తయ్యా, మీ మాట మిమ్మల్ని అడక్కుండా రాసేశాను, తప్పయింది" అని చెప్పండి. కథ ఆవిడ పూర్తిగా విన్నారో లేదో మీ ఉత్తరంలో లేదు. వీధిలో విన్న ముక్క ఒక్కటే ఆవిడ చెవిన పడి ఉంటే ఇంకా కష్టంగా ఉంటుంది, కాబట్టి మొత్తం చదివి వినిపించండి. ఆ సమయంలో మీవారు ఇంట్లో ఉంటే మంచిది. ఆవిడ ఏమంటే అది వినండి, సంజాయిషీలు మొదలుపెట్టకండి. ఇకముందు ఇంట్లోవాళ్ల మాట వాడుకుంటే వయసు, వీధి, వరస మార్చండి. అచ్చుకు పంపే ముందు వాళ్లకు చదివి వినిపించండి. వద్దంటే తీసేయండి. మంచి వాక్యం పోతుంది, కష్టంగానే ఉంటుంది, అయినా తీసేయండి. ఒంట్లో బాగాలేనప్పుడో, ఏడుస్తున్నప్పుడో అన్న మాటలైతే అడగను కూడా అడగకండి.

సీరియస్ కథలు రాస్తేనే గౌరవం అనే భయం మీ ఉత్తరంలో కొంచెం కనబడింది. పొత్తూరి విజయలక్ష్మి గారి 'ప్రేమలేఖ' నవలను జంధ్యాల గారు 1984లో 'శ్రీవారికి ప్రేమలేఖ'గా తీశారు. నలభై ఏళ్లు దాటినా ఆ సినిమా టీవీలో వస్తుంటే ఛానల్ మార్చనివ్వని ఇళ్లు ఉన్నాయి. అంతమంది ఇళ్లలోకి వెళ్లిన రాతకు వేరే గౌరవం ఎవరో ఇవ్వక్కర్లేదు.

ఎడిటర్ గారికి ఒకేసారి రెండు పంపండి. కళ్లు తెరిచిన బస్సు కథ ఒకటి, స్ట్రాంగ్ రూమ్ కథ ఒకటి. మాడిన ఉప్మానే కావాలని ఆయన మళ్లీ అడిగితే, ఇవి అచ్చువేసి పాఠకులు ఏమంటారో చూడమని మర్యాదగా రాయండి. పంపే ముందు మీ బ్రాంచి అమ్మాయికి చూపించండి. అందులో పని గురించి ఏదైనా తప్పుంటే తను ఇట్టే పట్టుకుంటుంది.

పెళ్లి కథ మాత్రం రాయగానే నాకు పంపండి. పెదనాన్న గారి పేరు పక్కన ఆమె ఎంతని రాసిందో తెలుసుకోవాలని ఉంది.